తాతయ్య జీపూ, పాస్కల్ సూత్రమూ

"సావనీరుకి నువ్వూ ఏదో ఒకటి రాయవోయ్" అని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు నాకు కవిత్వం రాదన్నాను. కథ కూడా రాదన్నాను. "మరేం వచ్చు?" అన్నాడు. గ్రీజు పూయడం వచ్చునన్నాను. నవ్వి, అదే రాయమన్నాడు. అందుచేత ప్రేమ, ఆశయం, దేశభవితవ్యం వగైరా పెద్ద విషయాలు తోటి మిత్రులకు వదిలేసి, మా యింట్లో వున్న పాత జీపుకు పవర్ స్టీరింగు బిగించిన వైనం రాస్తున్నాను. భౌతికశాస్త్రం మాస్టార్లు కావాలంటే లెక్కలు సరిచూసుకోవచ్చు.

మాది రాజోలు దగ్గర పల్లె. నాలుగెకరాల కొబ్బరితోట, రెండెకరాల వరిచేను. కోనసీమ అనగానే చాలామందికి సినిమాల్లో చూపించే పడవలూ, పచ్చదనమూ గుర్తొస్తాయి. ఆ పచ్చదనంలో కాపురముండేవాళ్లకు ముందు గుర్తొచ్చేది పుంత. నాలుగు చినుకులు పడితే చాలు, ఒండ్రుమట్టి చెప్పుల్ని లాగేసుకుంటుంది. మా తోటకు పోవాలంటే రెండు కిలోమీటర్లు కాలవగట్టు మీద పోయి, అక్కణ్ణుంచి పుంతలో దిగాలి. గట్టు వెడల్పు బండి వెడల్పుకి రెండు మూరలు ఎక్కువ. ఎదురుగా మరో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ఒకపక్క కాలవ, ఒకపక్క పంటబోదె. ఆ చోట స్టీరింగు అనేది అలంకారం కాదు, ప్రాణం.

ఆ దారికి సరిపోయే బండి కావాలనే మా తాతయ్య 1978లో ఒక జీపును వేలంపాటలో కొన్నారు. మహీంద్రా వారి సి.జె.3బి రకం. బానెట్టు ఎత్తుగా, ముక్కు పెద్దదైన మనిషిలా కనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డు కంపెనీలు లక్షల్లో తయారుచేసిన జీపుకు యిది తరువాతి తరం. ఎత్తయిన కొత్త యింజను పట్టడం కోసం విల్లీస్ వారు 1953లో బానెట్టు పైకి లేపి యీ రకాన్ని తెచ్చారు. అమెరికాలో 1968 ప్రాంతాల్లో దీన్ని ఆపేసినా, మనదేశంలో మహీంద్రావారు ఆ తరువాత కూడా చేస్తూనే వచ్చారు. 1945లో మొదలై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకున్న ఆ సంస్థ, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే బొంబాయిలో జీపుల కూర్పు చేపట్టింది. తాసిల్దార్ల నుంచి కాలవల ఓవర్సీర్ల వరకూ అందరూ ఎక్కిన బండి అదే. అలా ఏ ఆఫీసులోనో అరిగిపోయి మా పాలబడింది.

వచ్చినప్పుడు పెట్రోలు బండి. ఖర్చు భరించలేక తాతయ్య 1980ల్లో డీజిలు యింజను పెట్టించి, ఆ సంగతి రిజిస్ట్రేషను పుస్తకంలో కూడా రాయించారు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు ఆ జీపే లంకల నుంచి వచ్చినవాళ్లను గట్టు మీద నుంచి బడికి చేరవేసింది. 1996 నవంబరు 6 తుపాను రాత్రి గడిచాక లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు కూలి దారులన్నీ మూసుకుపోతే, మొదళ్లకు గొలుసు కట్టి లాగింది కూడా అదే. అప్పటికి నేను పుట్టలేదు. కాని తాతయ్య చెప్పగా చెప్పగా ఆ గొలుసు చప్పుడు నేను విన్నట్టే వుంటుంది.

యింత మంచి జీపుకు ఒకటే దుర్గుణం. స్టీరింగు బరువు. "జీపు తోలాలంటే ముందు తవుడు బస్తా ఎత్తడం నేర్చుకోవాలి" అని మా వూళ్లో సామెతలాంటి మాట. పరుగులో వున్నప్పుడు పరవాలేదు, కదలకుండా నిలబడ్డప్పుడూ, మెల్లగా మలుపు తిప్పేటప్పుడూ చుక్కలు కనపడతాయి. కారణం పెద్ద రహస్యం కాదు. బండి కదులుతూంటే టైరు దొర్లుకుంటూ తిరుగుతుంది. నిలబడివుంటే నేలకు ఆనిన రబ్బరంతా నేలమీద రాసుకుంటూ తిరగాలి. ముందు యిరుసు మీద ఎంత బరువుంటే ఆ రాపిడి అంత ఎక్కువ. మా బండికి పెట్రోలు యింజను పోయి అంతకంటే బరువైన డీజిలు యింజను వచ్చింది. సన్నటైర్లు పోయి, బురద కోసం వెడల్పు టైర్లు వచ్చాయి. స్టీరింగు పెట్టె మాత్రం మొదటిదే. మోసేవాడు ఒకడే, మూట మాత్రం రెండింతలయింది.

ఆ మూట నాన్నగారు పాతికేళ్లు మోశారు. 2022 జూలై వరదల్లో తోటలోని ఆయిలింజను గట్టుమీదికి లాగుతూ జారిపడి, కుడిభుజం దెబ్బతింది. కట్టు విప్పాక డాక్టరుగారు, "అన్నం తినడానికి పనికొస్తుంది, గుంజడానికి పనికిరాదు" అని తేల్చిచెప్పారు. ఆ తరువాత నాన్నగారు జీపు తీయడం మానేశారు. నేను కాలేజీలో వుంటాను. దింపు దింపినప్పుడల్లా కాయలు తోలడానికి బాడుగ ట్రాక్టరు. వానాకాలంలో అదీ రానంటుంది. కాయ తోటలోనే రాశి పడివుంటే, ధర వున్నప్పుడు సరుకు వుండదు, సరుకు బయటపడేటప్పటికి ధర వుండదు. అలా రెండు దింపులు నష్టపోయాం.

యింతలో రాజమండ్రి నుంచి ఒకాయన వచ్చి జీపు చుట్టూ తిరిగి లక్షన్నర యిస్తానన్నారు. పాత జీపుల్ని కొత్తవాటిలా ముస్తాబు చేసి యింటి ముందు నిలబెట్టుకోవడం ఆయనకు సరదాట. నాన్నగారు ఔననలేదు, కాదనలేదు. తాతయ్య మాత్రం లేచి లోపలికి పోయి పడుకున్నారు. ఆ రోజు ఆయన మధ్యాహ్నం భోజనం చేయలేదు. మా యింట్లో కోపాలన్నీ యిలాగే మాటలు లేకుండా వుంటాయి.

అప్పుడు నాకు తట్టిన ఆలోచన యిది. బండి మారనక్కరలేదు, మనిషి భుజమూ మారదు. ఆ రెంటికీ మధ్య వున్న స్టీరింగు పెట్టెను మార్చలేమా?

యీ ఆలోచన నాకంటే వందేళ్ల ముందే ఒకరికి వచ్చింది. అమెరికాలో పియర్స్-యారో కంపెనీలో ట్రక్కుల విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే యింజనీరు, బరువు బండ్లు తిప్పలేక డ్రైవర్లు పడే అవస్థ చూసి, 1920ల్లో నూనె ఒత్తిడితో పనిచేసే స్టీరింగు తయారుచేశాడు. ఆర్థికమాంద్యం వచ్చి కార్ల కంపెనీలు దాన్ని పక్కన పెట్టాయి. రెండో ప్రపంచయుద్ధంలో సాయుధవాహనాలకు పనికొచ్చింది. చివరికి 1951లో క్రైస్లర్ యింపీరియల్ కారుతో బజారులోకి వచ్చింది. అంటే యుద్ధంలో జీపూ వుంది, పవర్ స్టీరింగూ వుంది. రెండూ కలుసుకోవడం మాత్రం మా పాకలో జరగవలసి వచ్చింది.

మా వూరి మలుపులో ఒక మేస్త్రిగారి షెడ్డు వుంది. ఆయన చదువు అయిదో తరగతి. చెవి మాత్రం డాక్టరేటు. యింజను శబ్దం విని రోగం చెబుతారు. సంగతి చెప్పగానే, "ఆయ్, అవుద్దండి. కాని అబ్బాయిగారూ, ముందు రెండు పన్లున్నాయండి. ఒకటి కాగితం, రెండోది పాత రోగం" అన్నారు.

కాగితం సంగతి నేను తరువాత చదివి తెలుసుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీవారు నిర్దేశించినదానికి విరుద్ధంగా బండిని యిష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా యీ మాటను గట్టిగా చెప్పింది. పైగా పదిహేనేళ్లు దాటిన సొంతబండి రిజిస్ట్రేషను అయిదేళ్లకోసారి తిరగరాయించుకోవాలి. అందుచేత పానా పట్టకముందే నాన్నగారూ నేనూ వెళ్లి అర్జీ పెట్టాం. ఏ పెట్టె పెడతాం, ఎక్కడ బిగిస్తాం అన్నది బొమ్మ గీసి మరీ జత చేశాను. బ్రేకినస్పెక్టరుగారు బొమ్మ తిరగేసి చూసి, "పనయ్యాక బండి తీసుకురండి, నేను తోలి చూస్తాను" అన్నారు. యిలాంటి పని చేయించదలచినవాళ్లకు నా సలహా: ముందు అర్జీ, తరువాత పానా.

యిక పాత రోగం. జీపులో స్టీరింగు చక్రం తిప్పితే, ఆ తిప్పు కడ్డీ ద్వారా పెట్టెలోకి పోతుంది. పెట్టె నుంచి డ్రాప్ ఆర్ము, దాన్నుంచి డ్రాగ్ లింకు, అక్కడ నుంచి ముందు యిరుసు మధ్యనున్న బెల్ క్రాంకు, దాన్నుంచి రెండు టైరాడ్లు, చివరికి చక్రాలు. యిన్ని కీళ్లలో ప్రతి కీలుకూ కొంచెం కొంచెం లూజు వుంటే, చక్రం దగ్గరికి చేరేసరికి అది కొండంత అవుతుంది. కింగ్‌పిన్ బేరింగులు ఎండిపోతే బరువు. టైర్లలో గాలి తక్కువైతే యింకా బరువు. "వాతం మనిషికి బలంమందు పోస్తే ఏం లాభం అండి? ముందు కీళ్లు కుదర్చాలి. పవరు పెడితే యీ లూజు చేతికి తెలీదు. తెలీనిదే ప్రమాదం" అన్నారు మేస్త్రిగారు. యీ ముక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు.

అసలు ఎంత బరువో కొలవాలనిపించింది. మా యింట్లో కొబ్బరి తూచే స్ప్రింగు కాటా వుంది. దాని కొక్కెం స్టీరింగు అంచుకు తగిలించి, కొబ్బరి ఎండబోసే సిమెంటు చప్టా మీద బండిని నిలబెట్టి లాగాను. చక్రాలు కదిలేసరికి ముల్లు 22 కిలోల మీద వుంది. కింగ్‌పిన్ బేరింగులు, టైరాడ్ ఎండ్లు, బెల్ క్రాంకు బుష్షులు కొత్తవి వేసి, గ్రీజు కొట్టి, గాలి సరిగా పట్టించాక 15. అంటే ఏ పవరూ లేకుండానే మూడోవంతు భారం దిగిపోయింది. చాలామందికి యిక్కడితో ఆగిపోయినా చాలును. నాన్నగారు కూర్చుని తిప్పి చూశారు. సగం తిప్పేసరికి పళ్లు బిగబట్టారు. ఏమీ అనకుండా దిగిపోయారు. కాబట్టి ముందుకే పోవాలని తేలింది.

తాతయ్య మాత్రం ఒప్పుకోలేదు. "చక్రం బరువుంటేనే నేల సంగతి చేతికి తెలుస్తుందిరా. కాలవగట్టు మెత్తబడ్డా, యిసక తగిలినా ముందు చెప్పేది అదే. దాన్ని చంపేస్తే గుడ్డివాడికి గుర్రమిచ్చినట్టే" అన్నారు. ఆయన మాటలో న్యాయముంది. పాతకాలపు అమెరికా కార్ల పవర్ స్టీరింగు మీద కూడా సరిగ్గా యిదే ఫిర్యాదు వుండేదట. ఒక వేలితో తిరిగేది, కాని రోడ్డు సంగతి ఏమీ చెప్పేది కాదు.

పెట్టె కోసం మేస్త్రిగారూ నేనూ విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. పాత బండ్లు విప్పి భాగాలు అమ్మే కొట్లు అక్కడ బారులు తీరి వుంటాయి. బొలెరోకు వచ్చే పవర్ స్టీరింగు పెట్టె ఒకటి, దానికి జతగా పంపు ఒకటి బేరమాడాం. మోటారుతో తిరిగే ఎలక్ట్రిక్ స్టీరింగు గురించి కూడా నేను అడిగాను. 1988లో జపానులో సుజుకీ చిన్నకారుతో మొదలై, యివాళ చాలా కార్లకు అదే వుంటోంది. కాని దానికి ఒక్కసారిగా చాలా కరెంటు కావాలి. మా జీపుది లైట్లకే చాలీచాలని పాత డైనమో. నూనె పంపయితే యింజనే తిప్పుతుంది. అందుచేత నూనెకే ఓటు వేశాం.

అసలు కష్టం బిగించడంలో వుంది. పంపు పుల్లీ, యింజను పుల్లీ ఒకే వరసలో వుండాలి. వెంట్రుకవాసి తేడా వున్నా బెల్టు అరుస్తుంది, తెగుతుంది. దానికి బ్రాకెట్టు ముందు అట్టతో కోసి చూసుకుని, తరువాత మందపాటి యినపరేకుతో లేతు దగ్గర చేయించాం. పెట్టె బిగించేచోట ఛాసిస్‌కు లోపలా బయటా పలకలు వేశాం. ఎందుకంటే చక్రాన్ని నెట్టే బలం ఎంతో, అంత బలంతోనూ పెట్టె ఛాసిస్‌ను వెనక్కి నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం పరీక్షల్లో రెండు మార్కులకు వస్తుంది. యిక్కడ మరచిపోతే రేకు చీలుతుంది.

పెట్టె మారింది కాబట్టి డ్రాగ్ లింకు పొడవు సరిపోలేదు. పాతదాన్ని కోసి అతికితే పోదా అని పక్కనున్న కుర్రవాడు అన్నాడు. మేస్త్రిగారు ఏనాడూ కసరని మనిషి కసిరారు. "స్టీరింగు కడ్డీకి అతుకేంటిరా? అది తెగితే తోలేవాడు చెప్పడానికి కూడా మిగలడు." కొత్త కడ్డీ చేయించాం. దాన్ని బిగించిన వాలు కూడా చూసుకోవాలి. బండి గుంటలో పడి యిరుసు పైకి లేచినప్పుడు, ఆ కడ్డీ కొసా, యిరుసూ ఒకే దారిలో కదలాలి. లేకపోతే గుంట తగిలిన ప్రతిసారీ చక్రం తనంతట తానే పక్కకు తిరుగుతుంది. కాలవగట్టు మీద ఆ వేడుక పనికిరాదు.

యిప్పుడు పాస్కల్‌గారి దగ్గరికి వద్దాం. మూసివున్న ద్రవంలో ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్నివైపులకూ సమానంగా వ్యాపిస్తుందని పదిహేడో శతాబ్దంలోనే ఆయన చెప్పాడు. పెట్టెలోని పిస్టను అడ్డకొలత ఏడు సెంటీమీటర్లనుకోండి. వైశాల్యం సుమారు 38 చదరపు సెంటీమీటర్లు. పంపు చదరపు సెంటీమీటరుకు 60 కిలోల ఒత్తిడి యిస్తే, పిస్టను మీద బలం 2,280 కిలోలు, అంటే రెండు టన్నుల పైచిలుకు. ఒక్క మనిషి భుజం దాని ముందు ఏపాటి?

మరి అంత బలం ఎప్పుడు, ఎటువైపు, ఎంత రావాలో ఎవరు చెబుతారు? చక్రం కడ్డీకీ, పెట్టెలోని మరకూ మధ్య పెన్సిలంత సన్నని ఉక్కుకడ్డీ ఒకటి వుంటుంది. టార్షన్ బార్ అంటారు. మనం తిప్పినప్పుడు, టైరు ఎదురుతిరిగితే, ఆ కడ్డీ కొద్ది డిగ్రీలు మెలిపడుతుంది. ఆ మెలికకు తగ్గట్టు కవాటం తెరుచుకుని, అటువైపు నూనె పోతుంది. పిస్టను కదిలి మన చేతిని అందుకోగానే మెలిక విడిపోతుంది, కవాటం మూసుకుంటుంది. అంటే అది మన మీద పెత్తనం చేయదు. మనం అడిగినంతే చేస్తుంది. బలంగా ఎదురుతిరిగే నేల మీద చేతికి కూడా కొంత బరువు తెలుస్తూనే వుంటుంది. పంపు ఆగిపోయినా, బెల్టు తెగినా, పాతరోజుల్లో లాగా బరువుగా తిప్పుకోవచ్చు. లంకె తెగదు. యీ సంగతి బొమ్మ గీసి తాతయ్యకు చూపించాను. చాలాసేపు చూసి, "అయితే యిది నూనెతో చేసిన పాలేరన్నమాట" అన్నారు. అంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ఎర్రటి నూనె పోశాక గాలి తీయడం ఒక ముచ్చట. ముందు చక్రాలు జాకీతో లేపి, యింజను వేయకుండా ఆ చివరి నుంచి యీ చివరికి పాతికసార్లు తిప్పాలి. తొందరపడి యింజను వేస్తే నూనె నురగకట్టి మజ్జిగలా అవుతుంది, పంపు మూలుగుతుంది. మా చెల్లి నూనెడబ్బా పట్టుకుని బుడగలు లెక్కపెట్టింది. బుడగలు ఆగాక యింజను వేశాం. కాటా తగిలించాను. 3 కిలోలు.

ఖర్చు కూడా చెప్పాలి, రైతుబిడ్డను గనక. పెట్టె 9,500. పంపు 4,000. సీళ్లు 1,200. గొట్టాలు 2,300. లేతు పని 3,000. కూలి 5,000. మొత్తం పాతికవేలు. కీళ్లకు పెట్టింది వేరు. రెండు దింపులకు మేం పోగొట్టుకున్నదానికంటే యిది తక్కువే. బ్రేకినస్పెక్టరుగారు అన్నమాట ప్రకారం తోలి చూశారు. దిగి, కింద పడుకుని బోల్టులన్నీ చేత్తో తడిమి మరీ సంతకం పెట్టారు.

నాన్నగారు మళ్లీ జీపు తోలుతున్నారు. భుజం నయం కాలేదు, కాదు కూడా. కాని గట్టు మీద వెనక్కి తిప్పేటప్పుడు యిప్పుడు పళ్లు బిగించరు. నేను అనుకోనిది మరొకటి జరిగింది. ఒక ఆదివారం మా అమ్మ, "ఏవండీ, నేనూ ఓసారి తిప్పి చూడనా?" అంది. యిరవైరెండేళ్లుగా ఆ బండిలో పక్కసీట్లో కూర్చున్న మనిషి. అది మగవాళ్ల బండి అని అందరం అనుకున్నాం, ఆవిడతో సహా. అలా అనుకోవడానికి ఆధారం ఆ 22 కిలోలేనని తరువాత అర్థమైంది. ఆవిడ నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. యీసారి దింపు కాయ అంబాజీపేటకు తోలింది అమ్మే. కొట్టు దగ్గర లెక్కకూడా తనే చూసుకుందట. అంతవరకూ వెయ్యికాయల ధర ఎంత పలికిందో యింటికి వచ్చి మగవాళ్లు చెబితే వినేది.

పాత బండ్లను ఉన్నవి ఉన్నట్టు కాపాడాలనే పెద్దలున్నారు. ఆ అభిమానాన్ని నేను తప్పుపట్టను. అందుకే జీపులో తీసిన ఒక్క భాగమూ తుక్కుకు వేయలేదు. పాత స్టీరింగు పెట్టె గ్రీజు పూసి, గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టాం. ఎవరైనా తిరిగి బిగించదలిస్తే బిగించుకోవచ్చు. కాని యింటి ముందు మెరుస్తూ నిలబడ్డ జీపుకంటే, కాయలమోతతో బురదలో పోయే జీపే ఎక్కువకాలం బతుకుతుందని నా నమ్మకం. పని వున్న బండికి ఎవరో ఒకరు గ్రీజు కొడతారు.

మిత్రులారా, మనం మూడేళ్లు ప్రయోగశాలలో స్ప్రింగు త్రాసులూ, హైడ్రాలిక్ ప్రెస్సు బొమ్మలూ చూస్తాం. రికార్డు రాసి సంతకం పెట్టించుకుంటాం. మన వూళ్లలో మలుపు మలుపునా వున్న షెడ్లలో అవే సూత్రాలు పేర్లు లేకుండా పనిచేస్తున్నాయి. అక్కడి మేస్త్రులకు మన పుస్తకం తెలియదు, మనకు వాళ్ల చేయి తెలియదు. సెలవులకు వెళ్లినప్పుడు ఒకపూట అక్కడ కూర్చోండి. లెక్క మనం వేస్తే వాళ్లు వింటారు. అతుకు ఎక్కడ పనికిరాదో వాళ్లు చెబితే మనం వినాలి.